ఆవిరేనుగు తోక

ఏనుగుకి రెక్కలు మొలిచాయి.

కోడలు ఫోన్‌లో బొమ్మను చూసింది. వేళ్లతో పెద్దది చేసి మళ్లీ చూసింది. రెక్కలు అలాగే ఉన్నాయి. ఫోను బల్ల మీద బోర్లించి, ఎదురుగా ఉన్న కుప్పలోంచి ఒక ప్యాంటు లాగి, దాని కాలిలోకి భుజం దాకా చెయ్యి దూర్చి, అడుగంచు పట్టుకుని ఒక్క గుంజు గుంజింది. ప్యాంటు మంచివైపుకి తిరిగింది. ఒకసారి దులిపి పక్కన పడేసి ఇంకోటి అందుకుంది.

లాండ్రీలో ఆమె పని అదే. రంగు పోకుండా బట్టల్ని తిరగేసి ఉతుకుతారు. ఆరబెట్టే మిషన్లోంచి వచ్చాక మళ్లీ మంచివైపుకి తిప్పి ఇస్త్రీకి అందించాలి. చొక్కాకి రెండు చేతులు, ప్యాంటుకి రెండు కాళ్లు, మేజోళ్లకైతే లెక్కే లేదు. చెయ్యి దూర్చడం, చివర పట్టుకోవడం, గుంజడం, దులపడం. కళ్లు మూసుకుని చేస్తుంది. ఇవాళ పళ్లు కొరుకుతూ చేస్తోంది.

"ఆ ప్యాంటు నీకేం అపకారం చేసింది కోడలా?" అన్నాడు ఇస్త్రీ బాబాయి, పెట్టె ఎత్తకుండానే.

పెళ్లయి వచ్చిన నాటి నుంచి వీధిలో ఆమె రెయిన్‌కోట్లావిడ కోడలు. వీధిలో పేరు లాండ్రీ దాకా రావడానికి ఎంతసేపు. ఇక్కడా కోడలే.

ఆమె ఫోను తీసి చూపించింది. బాబాయి పెట్టెని నిలబెట్టి, కళ్లజోడు నుదుటి మీంచి ముక్కు మీదికి దించుకున్నాడు. ఏనుగు బాగానే ఉందన్నాడు. తొండంలోంచి ఆవిరి వస్తోంది, మన పెట్టె లాగే ఉందన్నాడు. ఈ రెక్కలెందుకన్నాడు.

"అదే నేనూ అడిగేది," అంది కోడలు.

ఊరూరా తిరిగి వింత జీవుల్ని పట్టుకుని, పెంచి, పోటీకి దింపే వీడియో గేము ఒకటుంది. చిన్నప్పుడు ఆడినవాళ్లు పెద్దయ్యాక కూడా మానరు. వాళ్లలో ముదిరినవాళ్లు ఆ గేములో లేని జీవుల్ని తామే గీసుకుంటారు. అలా ముదిరినవాళ్లు ఓ డజను మంది ఆదివారాల్లో ఒక ట్యూషన్ గదిలో కలుస్తారు. తాము గీసిన జీవులతో సొంతంగా ఒక ఆట తయారు చేస్తున్నారు. అమ్మడానికి కాదు, ఊరికే పంచిపెట్టడానికి. ప్రతి జీవీ మూడు రూపాల్లో పెరగాలి. చిన్నది, నడిమిది, పెద్దది. ఇంకో పద్ధతి కూడా ఉంది: చివరి రూపం ఎవరిదైతే జీవి కింద వాళ్ల పేరే పడుతుంది.

కోడలి జీవి లాండ్రీలో పుట్టింది. ఆరబెట్టే మిషన్ జల్లెడకి రోజూ బట్టల నూగు పడుతుంది. దాన్ని గీరి ఉండ చేసి పారేస్తారు. ఒకనాడు ఆ ఉండ ఆమె చేతిలోంచి జారి నేల మీద దొర్లింది. వెనకాల ఒక దారప్పోగు వేలాడుతోంది. దానికి రెండు కళ్లు ఉంటే ఎలా ఉంటుందో అనిపించింది. అదే నూగి. నూగి పెరిగితే ముడతయ్య, ఒళ్లంతా ముడతలు, ఎప్పుడూ నిద్రమొహం. ముడతయ్య పెరిగితే ఆవిరేనుగు. ముడతలన్నీ సాపై, తొండంతో ఆవిరి చిమ్ముతూ ఎదుటివాణ్ని చదును చేసేస్తుంది.

నూగిని తీసుకుంటున్నాం అని పెద్దన్న సందేశం పెట్టాడు. గుంపుని నడిపేది ఆయనే. మందుల షాపులో పనిచేస్తాడు, పేరుకు తగ్గట్టు అందరికీ పెద్దన్న. మిగతా రెండు రూపాలకీ నూగికీ పొంతన లేదు కాబట్టి వాటిని రెక్కలాయనకి అప్పగించామనీ, ఆదివారంతో జాబితా మూసేస్తున్నామనీ, ఇక ఒక్క జీవికే చోటు ఉందనీ, అది నూగికే దక్కినందుకు సంతోషించమనీ రాశాడు.

రెక్కలాయన లిఫ్టులు బాగుచేస్తాడు. మనిషి మంచివాడు. ఏది గీసినా చివరి రూపానికి రెక్కలు పెడతాడు. చేపకి పెట్టాడు. తాబేలుకి పెట్టాడు. ఒకసారి బండరాయికి కూడా పెట్టాడు.

"అంటే నువ్వు కన్నావు, వాళ్లు పేరు పెట్టుకుంటారు," అన్నాడు ఇస్త్రీ బాబాయి.

"పేరు నేనే పెట్టాను బాబాయ్. వాళ్ల పేరు వేసుకుంటారు."

బాబాయి కాసేపు ఆలోచించి, అది మరీ అన్యాయం అన్నాడు. పెట్టె ఎత్తి చొక్కా కాలరు మీద ఆనించాడు. ఆవిరి బుస్సుమంది. అత్త మీద కోపం దుత్త మీద చూపినట్టు కోడలు పెద్దన్న మీద కోపమంతా సాయంత్రం దాకా ప్యాంట్ల మీద చూపించింది. ఆ రోజు ఇస్త్రీకి ఎన్నడూ లేనంత త్వరగా బట్టలు అందాయి.

ఇంట్లో కిటికీ పక్కన కుట్టుమిషను ఉంటుంది. దాని చుట్టూ రెయిన్‌కోట్లు ఉంటాయి. అత్త పగలు రెయిన్‌కోట్ల కార్ఖానాలో కుడుతుంది, మిగిలిన పని సంచిలో వేసుకుని ఇంటికి తెస్తుంది. ఇంట్లో ఎక్కడ కూర్చోవాలన్నా ముందు ఒక రెయిన్‌కోటు తీసి పక్కన పెట్టాలి. మొగుడు పెళ్లికి ముందే చెప్పాడు, మా ఇంట్లో వాన పడదు గానీ ఎప్పుడు పడినా ఫరవాలేదు అని.

భోజనాల దగ్గర కోడలు సంగతంతా చెప్పింది. మొగుడు అద్దాలు బిగించే పనివాడు, వేళ్లకి ఎప్పుడూ ప్లాస్టర్లు ఉంటాయి. ఫోను తీసుకుని ఏనుగుని అటూ ఇటూ తిప్పి చూశాడు.

"రెక్కలుంటే నష్టమేంటి? దానికి బస్సు ఖర్చు కలిసొస్తుంది."

కోడలు ఫోను లాక్కుంది. అత్త నవ్వలేదు. అత్తకి ఈ జీవులన్నీ పురుగులే. అమ్మాయ్, నీ పురుగులు బల్ల మీద పరిచావు, తియ్యి, కంచాలు పెట్టుకోవాలి అంటుంది. అంతకు మించి ఎప్పుడూ వాటి ఊసెత్తలేదు. ఇవాళ మాత్రం అడిగింది.

"ఏనుగు కూడా పురుగేనా?"

"ఇది పెద్ద పురుగు అత్తయ్యా."

"దాన్ని నీకు కాకుండా చేశారా?"

"చేశారు."

అత్త మజ్జిగ గ్లాసు కోడలి ముందుకు జరిపింది.

భోజనాలయ్యాక కోడలు తన కాగితం తెచ్చింది. మందపు కాగితాల్లో ఆఖరిది అదే మిగిలింది. మూడు రూపాలూ దాని మీదే గీయాల్సి వచ్చింది. మధ్యలో నూగి. నూగి చుట్టూ, దాన్ని కడుపులో పెట్టుకున్నట్టు ముడతయ్య. ముడతయ్య చుట్టూ ఆవిరేనుగు. కాగితం చాలనప్పుడు గుంపులో అలా గీయడం మామూలే. నూగి తోక పోగు చివర ముడతయ్య గీతను దాటి బయటికి వచ్చింది, చోటు లేక.

ఆదివారం బల్ల మీద పెట్టడానికి కొందరు తమ జీవుల్ని మట్టితోనో అట్టతోనో చేసి తెస్తారు. నూగినైనా కళ్లెదుట కూర్చోబెడితే, దాన్ని పుట్టించింది ఎవరో నలుగురికీ తెలుస్తుందని కోడలి ఆశ. అత్తయ్యా, ఆదివారానికి దీన్ని గుడ్డతో కుట్టిపెడతారా అని అడిగింది. వేలు నూగి మీదే పెట్టింది. నూగి మిగతా రెండింటి నడుమ ఉందని ఆమెకి ఆ క్షణంలో తట్టలేదు.

అత్త చేతులు తుడుచుకుని కాగితం అందుకుంది. దీపం కింద పెట్టి చూసింది. నడిమి గీతకీ బయటి గీతకీ మధ్య బొటనవేలు ఆనించి కొలిచింది. ఇక్కడ సందు చాలదంది.

"ఎంత కావాలంటే అంత వదలండి అత్తయ్యా. మీ ఇష్టం."

"నా ఇష్టమైతే జిప్పు పెడతాను."

"పెట్టండి."

రెయిన్‌కోట్లావిడ జిప్పు పెట్టకుండా దేన్నీ వదలదు. తలగడలకి కూడా పెట్టింది. కోడలు అందుకని పట్టించుకోలేదు.

మర్నాడు మధ్యాహ్నం లాండ్రీ వెనక గుమ్మంలో కూర్చుని కోడలు పెద్దన్నకి ఫోన్ చేసింది. ఆయన మందుల షాపులో ఎవరికో మాత్రలు ఎప్పుడు వేసుకోవాలో చెబుతూ, మధ్యమధ్య ఈమెతో మాట్లాడాడు. నీ మీద నాకేం కోపం చెల్లెమ్మా అన్నాడు. నూగి అంటే నాకు ప్రాణం అన్నాడు. భోజనం తర్వాత అన్నాడు. అది ఆమెకి కాదు.

"నీ నూగికి తొండం ఉందా? లేదు. ముడతయ్యకి ఉందా? లేదు. మరి ఏనుగు దగ్గరికొచ్చేసరికి ఎక్కణ్ణించి ఊడిపడింది?"

"పెరిగేటప్పుడు వస్తుంది అన్నా."

"గడ్డమా, పెరిగేటప్పుడు రావడానికి?"

ఒకదాన్ని చూస్తే ఇంకోటి దాంట్లోంచే వచ్చిందని చిన్నపిల్లలకి కూడా తెలియాలి, అదే ఈ ఆటకి ప్రాణం అన్నాడు పెద్దన్న. అది నిజమే. అందుకే ఆమెకి ఇంకా మంట. ఆదివారం లోపు తొండానికి దారి చూపిస్తే రెక్కలాయన బొమ్మ పక్కన పెట్టేస్తారా అని అడిగింది. చూపించు, నేనే నీ పేరు వేస్తాను అన్నాడు పెద్దన్న. రోజుకి రెండుసార్లు అని కూడా అన్నాడు.

అప్పటి నుంచి పని మధ్య చేతికి దొరికిన చీటీ వెనకల్లా గీసింది. నూగికి చిన్న తొండం పెట్టింది. ఇస్త్రీ బాబాయి చూసి, కెటిలా అన్నాడు. ముడతయ్యకి తొండం పెట్టింది. నీళ్ల పంపు బాగా వచ్చింది అన్నాడు. దారప్పోగు తోకని నెత్తి మీదికి తెచ్చింది. పిలక బాగా కుదిరింది అన్నాడు. ఆ చీటీ కూడా చింపేసింది.

పుండు మీద కారం రెక్కలాయన చల్లాడు. తెలిసి చల్లింది కాదు. అక్కా, రెక్కలకి నీలం వెయ్యనా, ఊదా వెయ్యనా అని సందేశం పెట్టాడు. రెక్కలు వద్దు తమ్ముడూ అని రాసింది. జవాబుగా ఒక ఏడుపుమొహం బొమ్మ వచ్చింది. దాని కింద ఒకటే మాట.

"చిన్నవి?"

కోడలికి నవ్వొచ్చింది. నవ్వినందుకు తన మీద తనకే కోపం వచ్చింది.

ఇంట్లో మిషను చప్పుడు వినిపిస్తూనే ఉంది. కానీ అత్త మిషను ఎప్పుడు ఆగింది గనక. శుక్రవారం సాయంత్రం కోడలు గోడకి ఆనుకుని పెన్సిలు నములుతుంటే అత్త సూదిలో దారం ఎక్కిస్తూ అడిగింది, ముక్కుకి చొక్కా చేతికి పెట్టినట్టు కఫ్ పెట్టనా, ఎలాస్టిక్ చాలునా అని. కోడలు సగమే విన్నది. ఎలాస్టిక్ చాలు అంది. చెవులకి టోపీ గుడ్డ వాడుతున్నాను, రంగు తేడా వస్తుంది ఫరవాలేదా అని అడిగింది అత్త. ఫరవాలేదంది. నూగికి ముక్కూ లేదు, చెవులూ లేవు. ఆ మాట మాత్రం ఆమెకి గుర్తు రాలేదు. ఎవరి తొండం గొడవలో వాళ్లున్నారు.

శనివారం ఉదయం అత్త చెప్పులు వేసుకుంటూ ఒక ఉండ తెచ్చి కోడలి చేతిలో పెట్టింది. బూడిదరంగు ఉన్నిగుడ్డ ఉండ. రెండు గుండీలు కళ్లు. చూపు అచ్చం నూగి చూపే, ఇప్పుడే ఎవరో తిట్టినట్టు. కుట్టు ఎక్కడా కనిపించలేదు. కోడలి గుండె ఒక్కసారి పొంగింది, తర్వాత కొంచెం కుంగింది. కడుపు మీద జిప్పు ఉంది. తోక దారప్పోగులా లేదు, బొటనవేలంత లావుంది. చివర ఎలాస్టిక్ కూడా ఉంది. చొక్కా చెయ్యి తోకగా మొలిచినట్టుంది.

"చూసుకో. ఏమైనా తేడా ఉంటే చెప్పు," అంది అత్త.

"చాలా బాగుంది అత్తయ్యా."

అత్త ఇంకో క్షణం నిలబడింది. కోడలు ఇంకేదో అంటుందని చూసినట్టుంది. సంచి భుజానికి తగిలించుకుని కార్ఖానాకి వెళ్లిపోయింది.

మొగుడు నూగిని పట్టుకుని నొక్కాడు. అమ్మ దూది బాగానే దట్టించింది, దీంతో కొడితే మనిషి పడతాడు అన్నాడు. తోక సంగతి అత్తయ్యతో అనకండి అని కోడలు చెప్పింది. తోకకేమైంది అన్నాడు అతను. ఏమీ కాలేదంది.

ఆదివారం ట్యూషన్ గదిలో బెంచీలు వెనక్కి జరిపి, మధ్యలో రెండు బల్లలు కలిపారు. బోర్డు మీద ఎవరో పిల్లల కోసం రాసిన త్రిభుజాలు అలాగే ఉన్నాయి. మట్టి పాము ఒకటి, అట్ట డేగ ఒకటి, సీసా మూతలతో చేసిన పీత ఒకటి బల్ల మీదకి వచ్చాయి. కోడలు నూగిని తీసి పీత పక్కన కూర్చోబెట్టింది. లావు తోక గోడ వైపుకి తిప్పింది.

గుంపు చుట్టూ మూగింది. అందరూ నూగిని చూసి బుజ్జిది అన్నారు, పసిపిల్లని చూసినప్పుడు అనేలా. పెద్దన్న ల్యాప్‌టాప్ తెరిచి జాబితా పెట్టుకున్నాడు. ఆఖరి గడి ఖాళీగా ఉంది. తొండానికి దారి దొరికిందా చెల్లెమ్మా అని అడిగాడు. కోడలు లేదంది. ఆయన తల పంకించాడు. ఆ తల పంకించడంలో సంతోషం ఏమీ లేదు. అది ఆమె గమనించింది.

రెక్కలాయన తన ఏనుగు బొమ్మ చుట్టచుట్టి తెచ్చుకున్నాడు. విప్పకుండా పక్కన పెట్టి, ముందు నూగి దగ్గరికి వచ్చాడు. రెండు చేతులా ఎత్తుకున్నాడు. లిఫ్టు మనిషికి ఒక అలవాటు ఉంది, మూత కనిపిస్తే తెరవకుండా ఉండలేడు. జిప్పు చూశాడు.

"లోపలేముంది అక్కా?"

"దూది."

జిప్పు లాగాడు. దూది రాలేదు. గుడ్డ వచ్చింది. పట్టుకుని లాగాడు. ఇంకా వచ్చింది. మడత మీద మడత, ఇంద్రజాలికుడి టోపీలోంచి వచ్చినట్టు వస్తూనే ఉంది. తమ్ముడూ చింపకు అంది కోడలు. నేనేం చెయ్యట్లేదక్కా, అదే వస్తోంది అన్నాడు అతను, మొహం పాలిపోయి. నూగి పేగులు తీశాడ్రా అన్నారెవరో వెనకనుంచి. చివరికి నూగి మొహమే లోపలికి దూరి మాయమైపోయింది. బల్ల మీద ఒక ముడతల కుప్ప మిగిలింది. కుప్ప మీద సగం మూసిన రెండు కళ్లు దారంతో కుట్టి ఉన్నాయి.

"ముడతయ్య," అన్నాడు పెద్దన్న, కుర్చీలోంచి లేస్తూ.

కోడలు కదల్లేదు. జేబులోకి మడిచి జిప్పు వేసుకునే రెయిన్‌కోట్లు ఇంట్లో ఎన్ని చూసిందో. వాన వచ్చినప్పుడు విప్పుకోవడం, ఆగాక అదే జేబులోకి కుక్కుకోవడం. నూగి జేబు. ముడతయ్య లోపలి గుడ్డ, అస్తరు. జేబు చుట్టూ అస్తరు, అస్తరు చుట్టూ పైగుడ్డ. కాగితం మీద ఒకదాంట్లో ఒకటి గీసిన మూడు గీతలు ఆమె కళ్లముందు కదిలాయి. వాటిని రెయిన్‌కోట్లావిడ ఇంకెలా చదువుతుంది.

అక్కడి నుంచి ఆలోచించడం ఆమె చేతులకి వదిలేసింది. కుప్పని దగ్గరికి లాక్కుంది. అది తిరగబడి ఉన్న బట్ట. తిరగబడ్డ బట్టని ఏం చెయ్యాలో ఆ చేతులకి ఒకరు చెప్పాలా. అడుగున సందులోంచి భుజం దాకా చెయ్యి దూర్చింది. చెయ్యి తోక లోపలికి పోయింది. చివర ఎలాస్టిక్ తగిలింది. పట్టుకుని ఒక్క గుంజు గుంజింది. మంచివైపుకి తిప్పి దులిపింది.

రెయిన్‌కోటు గుడ్డ ఫట్‌మని చప్పుడు చేసింది. ఏనుగు వచ్చింది. మెరిసే బూడిదరంగు, ఎక్కడా ఒక్క ముడత లేదు. చెవులు టోపీ గుడ్డవి, కాస్త ముదురు రంగు. తోక ఏదీ అని చూసేసరికి అది ముందు వేలాడుతోంది, తొండమై.



కోడలు తొండంలోకి చెయ్యి పెట్టి పైకెత్తింది. పెద్దన్న వైపు చాచింది. ఆయన ఏం చెయ్యాలో తెలియక దానితో కరచాలనం చేశాడు.

అప్పుడు అందరూ ఒక్కసారే మాట్లాడారు. మళ్లీ మడువు అన్నారు. మడిచింది. నేను తిప్పుతాను, నేను తిప్పుతాను అని వరసకట్టారు. పీతని చేసినాయన తిప్పుతుంటే ముడతయ్య సగంలో ఇరుక్కుంది, చెయ్యి ఇంకా లోపలికి అని నలుగురు నేర్పించారు. పెద్దన్న రెండుసార్లు తిప్పాడు, మూడోసారి కూడా అడిగాడు గానీ వరసలో నిలబడమన్నారు. తోకే తొండం, తోకే తొండం అని ఆయన తనలో తాను అనుకుంటూ వెనక్కి వెళ్లాడు.

రెక్కలాయన తన చుట్టని విప్పలేదు. ఏనుగు వీపు మీద వేళ్లతో తడిమాడు, తిరగేశాడు, మళ్లీ తడిమాడు.

"దీనికి రెక్కలు ఎక్కడ పెట్టను పెద్దన్నా? పెట్టినా తిరగేస్తే లోపలికి పోతాయి." చుట్టని సంచిలో పెట్టేసుకున్నాడు. తర్వాత కొంచెం ఆగి, చెవులు మాత్రం ఊపుకోవచ్చుగా అక్కా అన్నాడు. ఊపుకో తమ్ముడూ అంది కోడలు. అతను చెవులు ఊపాడు.

పెద్దన్న ల్యాప్‌టాప్ ముందు కూర్చున్నాడు. ఆఖరి గడిలో ఆవిరేనుగు అని కొట్టాడు. కింద పేరు గడిలోకి వచ్చాడు.

"చివరి రూపం ఎవరిది చెల్లెమ్మా? నీదేగా?"

రెక్కల బొమ్మ చూసిన రోజు నుంచి ఆమె ఆ మాట కోసమే ఎదురుచూసింది. అవును అంటే అయిపోతుంది. పద్ధతి ఆమె పక్షానే ఉంది. ఏనుగుని గీసింది ఆమే, కాదనేవాళ్లు ఎవరూ లేరు. బల్ల మీద ఏనుగు తొండం చివర ఎలాస్టిక్ కనిపిస్తోంది. ముక్కుకి కఫ్ పెట్టనా అని అత్త అడగడం, తను తలెత్తకుండా జవాబు చెప్పడం గుర్తొచ్చాయి.

"గీసింది నేనే అన్నా. కానీ నేను మూడు వేరే వేరే గీశాను. ఒకటి చేసింది మా అత్తయ్య."

పెద్దన్న వేళ్లు మీటల మీద ఆగిపోయాయి. అయితే పద్ధతి ప్రకారం అని మొదలుపెట్టి ఆపాడు. అసలు ఆ పద్ధతి ఎవరు పెట్టారన్నాడు రెక్కలాయన. ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు.

"నేనే అనుకుంటా," అన్నాడు పెద్దన్న.

పద్ధతి మార్చొచ్చు గానీ గడి ఒక్కటే ఉంది, అందులో ఒక్క పేరే పడుతుంది, అది మార్చాలంటే ఆట మొత్తం తిరగరాయాలని వివరించాడు. కోడలు జరగమని చెప్పి, ల్యాప్‌టాప్ తన వైపు తిప్పుకుని, ఒక వేలితో కొట్టింది. పెద్దన్న వంగి చదివాడు.

అత్తాకోడళ్లు.

"ఇది ఇద్దరు కదా చెల్లెమ్మా."

"మాట ఒకటే కదా అన్నా."

ఇంటికి వచ్చేసరికి అత్త మిషను దగ్గరే ఉంది. కోడలు ఫోన్‌లో తీసిన వీడియో చూపించింది. పెద్దన్న మూడోసారి తిప్పడం, అందరూ చప్పట్లు కొట్టడం. అత్త పాదం మిషను మీంచి తీసి, వీడియో మొత్తం చూసింది. పీతాయన ఇరుక్కున్న చోట పెదవి చప్పరించింది. బట్ట పట్టడం రాదు అతనికి అంది. పేరు గడి చూపిస్తే, ఆ మాట రెండుసార్లు చదివి, ఫోను తిరిగి ఇచ్చేసింది. పమిట చెంగుతో కళ్లజోడు తుడిచింది. అద్దాలు అప్పటికే శుభ్రంగా ఉన్నాయి.

మొగుడు ఏనుగుని తలకి తొడుక్కుని గదిలో తిరుగుతున్నాడు. ఎవరూ పట్టించుకోకపోయేసరికి అద్దం ముందుకి వెళ్లాడు.

"ఒక్కటి అర్థం కాలేదు అమ్మాయ్," అంది అత్త. "వాళ్లంతా అంత ఆశ్చర్యపోవడమెందుకు? నువ్వు గీసిందేగా కుట్టాను."

చెప్పకుండా ఉండొచ్చు. కోడలు బల్ల మీంచి కాగితం తెచ్చి అత్త ఒడిలో పెట్టింది. నూగినీ ముడతయ్యనీ ఆవిరేనుగునీ విడివిడిగా వేలితో చూపించింది. ఇవి మూడు వేరే బొమ్మలు అత్తయ్యా, నేను అడిగింది ఈ చిన్నదొక్కటే అంది. జేబూ అస్తరూ పైగుడ్డా అని తనకి తోచనే లేదంది.

అత్త కాగితాన్ని దూరంగా పెట్టి చూసింది. దగ్గరగా పెట్టి చూసింది. తను చేసిన పొరపాటు ఎక్కడుందో ఆ గీతల్లో వెతికింది. దొరికినట్టు లేదు.

"వేరే వేరేవైతే ఒకదాంట్లో ఒకటి ఎందుకు గీశావు?"

"కాగితం ఒక్కటే మిగిలింది అత్తయ్యా. రేపు కొత్తవి తెచ్చుకుంటాను."

అత్త కాగితాన్ని మడతలు పడకుండా మిషను సొరుగులో, కత్తెర పక్కన పెట్టింది. సొరుగు మూసి, సూది కింద ఆగిపోయిన కుట్టు వెతుక్కుంది.

"తెచ్చుకోకు," అంది.